పులికాట్ మీద ముందు పడవ సంగతి తేల్చండి: రెండు రాష్ట్రాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాల పర్యాటక, అటవీ, మత్స్య శాఖల ఉన్నతాధికారులకు. నెల్లూరు, తిరుపతి, తిరువళ్లూరు జిల్లాల కలెక్టర్లకు

నమస్కారం.

పులికాట్ సరస్సులో పర్యాటకం అనగానే ఫైళ్లన్నీ కట్టడాల దగ్గర మొదలవుతాయి. కాటేజీలు, వ్యూ టవరు, ఫుడ్ కోర్టు, స్వాగత తోరణం. ఈ లేఖ రాస్తున్న మేం నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో పర్యాటకులను తిప్పే డ్రైవర్లం, పడవ నడిపేవాళ్లం, పక్షులను చూపించే గైడ్లం. కట్టడాల మీద మాకు కోపమేమీ లేదు. అయితే రెండు రాష్ట్రాలూ కూర్చుని ఒక్క పని మాత్రమే చెయ్యగలిగితే ఏది చెయ్యాలి అని మమ్మల్ని అడిగితే, సరస్సు మొత్తానికీ ఒకే పడవ నిబంధన పెట్టండి అంటాం. ఒక ఒడ్డున తనిఖీ అయిన పడవ, ఒక ఒడ్డున లైసెన్సు తీసుకున్న సరంగు (పడవ నడిపేవాడు), ఒక ఒడ్డున కొన్న టికెట్టు రెండో ఒడ్డునా చెల్లాలి. తక్కిన పనులు దాని వెనక వస్తాయి.

చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన ఆంధ్ర వైపు, దక్షిణపు కొస తమిళనాడు వైపు. ఆంధ్రప్రదేశ్ తన భాగాన్ని 1976లో, తమిళనాడు తన భాగాన్ని 1980లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించాయి. అంటే నీళ్లు ఒకటే అయినా అభయారణ్యాలు రెండు, అటవీ శాఖలు రెండు, మత్స్య శాఖలు రెండు. 2015-16లో కేంద్రం స్వదేశ్ దర్శన్ పర్యాటక పథకం కింద నెల్లూరు జిల్లాకు తీర పర్యాటక సర్క్యూట్ మంజూరు చేసింది. అందులో పులికాట్, ఉబ్బలమడుగు, నేలపట్టు, కొత్తకోడూరు, మైపాడు, రామతీర్థం, ఇస్కపల్లి ఉన్నాయి. జాబితా మంచిదే. కానీ ఆ సర్క్యూట్ తడ దాటి ఒక్క అడుగు కూడా పోదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి కాబట్టి, ఇప్పుడు మన వైపే ఒకటికి రెండు జిల్లాలు మాట్లాడుకోవాల్సి వస్తోంది.

దీనివల్ల వచ్చిన మనిషికి ఏం జరుగుతుందో చూడండి. నెల్లూరు నుంచి బయల్దేరిన కుటుంబం పొద్దున నేలపట్టులో గూడబాతుల గూళ్లు చూసి, అటకానితిప్ప దగ్గర ఫ్లెమింగోలు చూసి, భీములవారిపాళెంలో పడవ ఎక్కుతుంది. పడవ కాస్త దూరం పోయి వెనక్కి వస్తుంది. అదే సరస్సు దక్షిణపు ఒడ్డున పులికాట్ ఊరుంది. డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టి, కోరమాండల్ తీరంలో తమ వ్యాపారానికి రాజధానిగా పెట్టుకున్న ఊరు. పుర్రెలు, ఎముకల గూళ్లు చెక్కిన వాళ్ల సమాధులు పురావస్తు శాఖ రక్షణలో ఇప్పటికీ ఉన్నాయి. నీళ్ల మీద పోతే భీములవారిపాళెం నుంచి ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ. కానీ పోవడానికి లేదు. మళ్లీ కారెక్కి హైవే మీద ఆరంబాకం, గుమ్మిడిపూండి మీదుగా చుట్టూ తిరిగి రావాలి. చాలామంది ఆ తిరుగుడు చూసి మానుకుంటారు. సరస్సు ఉత్తరపు కొసకు దగ్గర్లో దుగరాజపట్నం ఉంది. మద్రాసులో కోట కట్టుకోకముందు, 1626లో ఇంగ్లీషు కంపెనీ ఇక్కడే దుకాణం పెట్టింది. ఒకే నీటికి రెండు కొసల్లో రెండు కంపెనీల చరిత్ర ఉంటే, దాన్ని ఒకే ప్రయాణంలో చూపించే దారి లేదు.

రాష్ట్రాల సరిహద్దు కదా, కష్టం అంటారేమో. దేశాల సరిహద్దుల మీదే ఈ పని జరిగింది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ మధ్య బోడెన్‌సీ అనే పెద్ద సరస్సు ఉంది. దాని ప్రధాన భాగంలో సరిహద్దు గీత ఎక్కడుందన్న విషయం మీద ఆ మూడు దేశాలకూ ఈరోజుకీ ఒప్పందం లేదు. ఉన్నది పడవల మీద ఒప్పందం. 1973 జూన్ 1న మూడు దేశాలూ సంతకాలు చేశాయి. పడవకు ఏం పరీక్షలుండాలి, నడిపేవాడికి ఏ లైసెన్సు ఉండాలి, ఒడ్డు నుంచి ఎంత దూరంలో ఎంత వేగంతో పోవాలి అన్నవన్నీ ఒకే పుస్తకంలో రాసుకున్నారు. గీత సంగతి తర్వాత చూసుకుందాం, ముందు జనం మునగకుండా చూద్దాం అనుకున్నారు. మన దగ్గర గీత మీద తగాదా ఉన్నది చేపల వేట విషయంలో. అది తేలేదాకా పర్యాటకుల పడవ ఆగక్కర్లేదు.

చట్టం కూడా అడ్డు రాదు. 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం కింద ఒక రాష్ట్రం ఇచ్చిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. వేరే రాష్ట్రం దగ్గర మళ్లీ అనుమతి తీసుకోనక్కర్లేదు. సరస్సు గుండా పోయే బకింగ్‌హామ్ కాలువ 2008 నుంచి 4వ నంబరు జాతీయ జలమార్గంలో భాగం. ధాత కరువులో కూలికి తవ్వించి కలిపిన కాలువ అది. ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది గాని, కాగితం మీద దాని హోదా అలాగే ఉంది. మరి అడ్డెక్కడ అంటే, రెండు చోట్ల. ఒకటి, సరస్సు అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ ఒప్పుకోకుండా ఏ పడవా కదలకూడదు, ఆ ఒప్పుకోలు రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతుంది. రెండు, ఇక్కడున్న పడవల్లో ఎక్కువ భాగం చేపల పడవలుగా రిజిస్టరైనవి. వాటిలో డబ్బు తీసుకుని జనాన్ని ఎక్కించకూడదు. ఎక్కించి ప్రమాదం జరిగితే బీమా రాదు, పడవవాడి మీద కేసు మాత్రం వస్తుంది. కాబట్టి పర్యాటకానికని విడిగా కొన్ని పడవలను రిజిస్టర్ చేయించాలి. చేపల పడవకు ఆదివారం నాడు కుర్చీలు వేసి పంపడం రెండు వైపులా ఆపాలి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నామంటే, ఈ నీళ్లలో ఇప్పటికే జరిగింది. 2011 డిసెంబరు 25న పులికాట్ ఊరి దగ్గర పడవ బోల్తాపడి 22 మంది పోయారు. ఆ తర్వాత తమిళనాడు వైపు పర్యాటకుల పడవలను నిషేధించారు. మన వైపు 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర బోటు తిరగబడినప్పుడు పోయినవాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. ప్రకాశం జిల్లాలో ఆ సంగతి మరిచిపోయినవాళ్లు లేరు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు ప్రమాదం. దాని తర్వాత 2020లో గోదావరి, కృష్ణ, విశాఖ వైపు తొమ్మిది చోట్ల బోటింగ్ కంట్రోల్ రూములు పెట్టారు. పులికాట్‌లో పెట్టలేదు. ఒక రాష్ట్రం పూర్తిగా నిషేధించడం, ఇంకో రాష్ట్రం పండగ నాడు తెరవడం, ఈ రెండూ ఒకే నీటి మీద నడుస్తున్నాయి. నిషేధం ఉన్నచోట పడవలు ఆగుతాయనుకోకండి. తనిఖీ లేకుండా, జాకెట్లు లేకుండా, సాయంత్రం పూట దొంగచాటుగా నడుస్తాయి. అంతకన్నా నిబంధన పెట్టి నడిపించడం మేలు.

ఆ నిబంధనలో ఏముండాలో మాకు తెలిసినంత రాస్తున్నాం. సరస్సు లోతు చాలాచోట్ల ఒక మీటరు, మహా అయితే రెండు. లోతు తక్కువ కదా, ఏం కాదులే అనుకోవడం మొదటి పొరపాటు. కింద అడుసు. అడుసులో దిగిన మనిషి నిలబడలేడు, కాలు లాగబోతే ఇంకా దిగుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా నడుం లోతు నీళ్లలో పోయేది ఇందుకే. రెండో పొరపాటు మనుషుల కదలిక. ఫ్లెమింగోల గుంపు ఒక్కసారిగా లేచిందనుకోండి, పడవలో ఉన్న అందరూ ఫోన్లు పట్టుకుని ఒకే పక్కకు లేచి నిలబడతారు. 28 అడుగుల ఫైబర్ పడవ అయినా ఆ ఊపుకు ఒరుగుతుంది, అప్పుడే పక్కనుంచి అల కొడితే నీళ్లు లోపలికి వస్తాయి. అందుకని ఆ సైజు పడవకు ఎనిమిది మంది పర్యాటకులు, ఇద్దరు పడవవాళ్లు, అంతకు మించకూడదు. పిల్లలను లెక్కలో సగంగా చూసే అలవాటు పోవాలి. పిల్లవాడూ ఒక మనిషే, వాడికి వాడి సైజు జాకెట్టే కావాలి. పెద్దవాళ్ల జాకెట్ తొడిగితే నీళ్లలో పడగానే అది పైకి జారి ముఖానికి అడ్డం పడుతుంది, పిల్లవాడు కింది నుంచి జారిపోతాడు. కాళ్ల మధ్య నుంచి పట్టీ ఉన్నవే కొనాలి.

జాకెట్ల సంగతి ఇంకొంచెం చెప్పాలి. కొన్న ఏడాది అన్నీ కొత్తవే. రెండో ఏడాదికి వాటిని పడవలో కూర్చోవడానికి దిండ్లుగా వాడతారు. లోపలి ఫోము నలిగి పలచబడుతుంది, ఎండకు బకిల్స్ పెళుసెక్కి విరుగుతాయి, విరిగినచోట తాడు కడతారు. చూడటానికి జాకెట్టే, తేల్చడానికి పనికిరాదు. నెలకోసారి ప్రతి జాకెట్‌నూ రేవులో ఒక మనిషికి తొడిగి నీళ్లలో దింపి చూడాలి. నంబరు వేసి రిజిస్టర్‌లో రాయాలి. పాడైనవాటిని అక్కడికక్కడే కోసి పారేయాలి, లేకపోతే ఇంకో పడవలో తేలతాయి. ఈ తనిఖీ రెండు రాష్ట్రాల మనుషులూ కలిసి చేస్తేనే ఒకరి ముద్రను ఒకరు నమ్ముతారు.

వాతావరణం మాట. ఆంధ్ర ఒడ్డుకు హెచ్చరిక అమరావతి నుంచి వస్తుంది, తమిళనాడు ఒడ్డుకు చెన్నై నుంచి. రెండూ ఒకే మాట చెప్పినా ఒకే గంటకు చెప్పవు. కృష్ణపట్నం ఓడరేవులో ఒక నంబరు హెచ్చరిక, ఎన్నూరు ఓడరేవులో ఇంకో నంబరు ఎగురుతున్న రోజులుంటాయి. కాబట్టి ఏ ఒడ్డుకు ముందు హెచ్చరిక వస్తే రెండు ఒడ్లూ అప్పుడే ఆగాలి అని రాసుకోవాలి. 3వ నంబరు ప్రమాద హెచ్చరిక ఎక్కడ ఎగిరినా రేవులు మూయాలి. హెచ్చరిక లేకపోయినా గాలి గంటకు 30 కిలోమీటర్లు దాటితే నడిసరస్సులోకి పోకూడదు. నాగపట్నం నుంచి శ్రీలంకలోని కంకేశన్‌తురైకి 2023 అక్టోబరు 14న ఫెర్రీ మొదలుపెట్టి, ఈశాన్య రుతుపవనాల పేరుతో వారం తిరక్కుండా ఆపేశారు. మళ్లీ కదిలింది 2024 ఆగస్టులో. అక్టోబరులో మొదలుపెట్టడమే పొరపాటు. మన సరస్సులో కూడా అక్టోబరు, నవంబరు నెలలు వానలు, వరద, తుపానులు. డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకానే టైమ్‌టేబుల్ ప్రకారం పడవలు నడపాలి. పక్షులు కూడా అప్పటికి కుదురుకుని ఉంటాయి.

ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చెయ్యాలో కూడా తేలలేదు. సరస్సు మధ్యలో ఫోన్ ఏ ఒడ్డు టవర్‌ను పట్టుకుంటే 112 కాల్ ఆ రాష్ట్రం కంట్రోల్ రూముకు పోతుంది. అటు తమిళం, ఇటు తెలుగు. ఫలానా తిప్ప దగ్గర అని చెబితే అవతలి వాళ్లకు ఆ పేరే తెలియదు. సరస్సును గడులుగా విడగొట్టి నంబర్లు వేసిన ఒకే మ్యాపు రెండు కంట్రోల్ రూముల గోడల మీదా ఉంటే, పడవవాడు గడి నంబరు చెబితే సరిపోతుంది. ప్రతి పడవలో వాకీటాకీ, విజిల్, ఇరవై మీటర్ల తాడు కట్టిన గుండ్రటి లైఫ్‌బాయ్ ఉండాలి. రక్షణ పడవలు రెండు చాలు, ఒకటి భీములవారిపాళెంలో, ఒకటి పులికాట్ ఊర్లో. వాటికి గీత దాటే స్వేచ్ఛ రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఇక వలల గొడవ. ఇది సరిగ్గా చూసుకోకపోతే మొదటి నెలలోనే కుప్పాలవాళ్లు (జాలరి పల్లెలవాళ్లు) పడవలను ఆపేస్తారు, వాళ్లు ఆపడంలో తప్పు కూడా లేదు. సరస్సులో చాలాచోట్ల గడలు పాతి వలలు కడతారు. ఇంజిన్ ఫ్యాను ఒక వల తెంపితే దాని ఖరీదు పర్యాటకుల పడవకు రెండు మూడు రోజుల సంపాదన. ముందుగా పడవ దారి గుర్తించాలి. రెండు వందల మీటర్లకొక వెదురు గడ, పైన ఎర్రగుడ్డ కొన్ని, తెల్లగుడ్డ కొన్ని. ఎర్రవి ఒక పక్క, తెల్లవి ఇంకో పక్క, మధ్యలో దారి. ప్రతి ఏడాదీ వరద పోయాక ఇసుక, అడుసు జరుగుతాయి కాబట్టి డిసెంబరు మొదటి వారంలో గడలు మళ్లీ పాతాలి. ఒకసారి సిమెంటు దిమ్మెలు కట్టేసి వదిలేస్తే రెండో ఏటికి అవి దారిలోనో, గట్టు మీదో ఉంటాయి.

పడవ వంతుల విషయంలో తమిళనాడు వైపు ఒక మంచి పద్ధతి ఎప్పటినుంచో ఉంది. అక్కడ ‘పాడు’ అంటారు. ఏ ఊరివాళ్లు ఏ రోజు ఎక్కడ వల వెయ్యాలో వంతుల లెక్కన నడుస్తుంది. పర్యాటకుల పడవలకూ అదే పెట్టండి. ఇవాళ వంతు ఎవరిదో రేవు దగ్గర బోర్డు మీద రాసి ఉంటే, కార్ల వెంట పరిగెత్తి గిరాకీ లాక్కునే గోల ఉండదు. వంతు వచ్చిన పడవవాడికి తొందర ఉండదు, తొమ్మిదో పర్యాటకుణ్ని ఎక్కించుకోవాలన్న ఆశ ఉండదు. ఈ వంతుల్లో యానాదులకు కచ్చితంగా వాటా ఉండాలి. నీళ్లు, చేపలు, పక్షులు ఎవరికన్నా బాగా తెలిసింది వాళ్లకే, ఇలాంటి పథకాల్లో చివరకు పక్కకు నెట్టేసేదీ వాళ్లనే.

టికెట్టు ఉమ్మడిగా ఉండాలని ఎందుకంటున్నామో లెక్క చెబితే అర్థమవుతుంది. భీములవారిపాళెం నుంచి పులికాట్ ఊరికి 10 హెచ్.పి. ఇంజిన్ పడవకు గాలి అనుకూలిస్తే రెండు గంటలు, పెట్రోలు ఎనిమిది లీటర్ల దాకా. ఎదురుగాలి అయితే పది లీటర్లు కూడా పడుతుంది. అటునుంచి ఖాళీగా తిరిగొస్తే రెండింతలు. అంటే ఎనిమిది మంది మీద పదహారు, ఇరవై లీటర్ల భారం పడుతుంది. అవతలి రేవులో అమ్మిన టికెట్ల మీద వచ్చే ఎనిమిది మందిని తిరుగు ప్రయాణంలో ఎక్కించుకోగలిగితే భారం సగమవుతుంది. ఒక రాష్ట్రం పడవకు ఇంకో రాష్ట్రం టికెట్టు చెల్లకపోతే ఇది కుదరదు. జాంబియా, జింబాబ్వే దేశాలు విక్టోరియా జలపాతానికి వచ్చేవాళ్ల కోసం 2014 నవంబరులో ఒకే వీసా పెట్టాయి. 50 డాలర్లు కట్టి ముప్పై రోజులు రెండు దేశాల్లోనూ తిరగొచ్చు. రెండు దేశాల ఖజానాలు ఒక వీసా డబ్బు పంచుకోగలిగినప్పుడు, రెండు రాష్ట్రాల శాఖలు ఒక పడవ టికెట్టు పంచుకోలేవా? మా ప్రతిపాదన: వందలో అరవై పడవకు, పడవవాళ్లకు. రెండు ఒడ్ల కుప్పాల పంచాయతీలకు ఇరవై. రక్షణ పడవల ఖర్చుకు పది. మిగిలిన పది రెండు అటవీ శాఖలకు చెరి ఐదు. ప్రవేశ రుసుము విడిగా, కెమెరా రుసుము విడిగా, పార్కింగ్ విడిగా తీసుకునే అలవాటు మాత్రం వదిలేయండి. మనిషి జేబులో చెయ్యి పెట్టేది ఒక్కసారే కావాలి.

పక్షుల విషయం అటవీ శాఖలకు మేం చెప్పాల్సిన పని లేదు గాని, పడవవాళ్లకు అర్థమయ్యే కొలత కావాలి. ఫ్లెమింగోలు మోకాలి లోతు లోపు నీళ్లలో నిలబడి, ముక్కు తలకిందులుగా పెట్టి నీటిని వడగట్టుకుని తింటాయి. తలలు కిందికి ఉన్నంతసేపూ ఫరవాలేదు. అన్నీ తలలెత్తి ఒకే దిక్కుకు నడవడం మొదలుపెడితే దగ్గరికి వచ్చేశామని అర్థం. అక్కడే ఇంజిన్ ఆపాలి. 150 మీటర్లు అని కాగితం మీద రాయండి, తలలు చూడమని పడవవాడికి నేర్పండి. ఫొటో కోసం గుంపును లేపించడానికి చప్పట్లు కొట్టించడం, రాళ్లు వేయించడం చూస్తుంటాం. దానికి జరిమానా ఉండాలి, పడవవాడికి ఆ రోజు వంతు పోవాలి. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) పక్కనే ఉంది కాబట్టి డ్రోన్ల మాట ఎత్తనక్కర్లేదు. నేలపట్టు 459 హెక్టార్ల చిన్న చోటు. గూడబాతులు గూళ్లు పెట్టే కడప చెట్లు చెరువులో కొన్నే ఉన్నాయి. ఉమ్మడి టికెట్టు పెట్టి జనాన్నంతా అక్కడికే తోలితే పిల్లలను వదిలి పక్షులు లేచిపోతాయి. నేలపట్టుకు మాత్రం రోజుకు ఇంతమంది అని విడిగా హద్దు పెట్టండి.

ఫ్లెమింగో పండగ గురించి ఒక మాట. 2025లో జనవరి 18 నుంచి 20 దాకా చేశారు. మూడు రోజుల్లో సూళ్లూరుపేట కిక్కిరిసిపోతుంది, నాలుగో రోజుకు చెత్త తప్ప ఎవరూ ఉండరు. వేదిక మీద పాటలకు పెట్టే డబ్బులో కొంత తగ్గించి, డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా ప్రతి శని, ఆదివారం పడవలు, గైడ్లు ఉండేలా చేస్తే ఊరికి మూడు నెలలకు పైగా పని దొరుకుతుంది. పండగ ఉంచాలంటే ఉంచండి, కానీ ఒక రోజు అవతలి ఒడ్డున చెయ్యండి. పక్షుల లెక్క కూడా అంతే. ఒక రాష్ట్రం ఒక రోజు, ఇంకో రాష్ట్రం ఇంకో రోజు లెక్కపెడితే అదే గుంపు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది, లేదా రెండు చోట్లా తప్పించుకుంటుంది. నెదర్లాండ్స్, జర్మనీ, డెన్మార్క్ దేశాలు వాడెన్ సముద్రపు అడుసు నేలలను 1978 నుంచి కలిసి చూసుకుంటున్నాయి. 1987లో ఉమ్మడి కార్యాలయం పెట్టుకుని పక్షులను, సీళ్లను కలిసి లెక్కపెడుతున్నాయి. పులికాట్‌లో కోట కట్టిన డచ్చివాళ్ల సొంత తీరమే అది. మన దగ్గర జనవరిలో ఒకే రోజు, ఒకే గంటకు రెండు ఒడ్లా లెక్క పెట్టడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

రాకెట్ ప్రయోగం రోజులు వేరే లెక్క. శ్రీహరికోటలో కొన్ని వేల మంది కూర్చుని చూసే గ్యాలరీ ఉంది, ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దొరకనివాళ్లంతా సూళ్లూరుపేట నుంచి షార్‌కు పోయే రోడ్డు మీద కార్లు ఆపుతారు. ఆ రోడ్డు సరస్సు మీద వేసిన కట్ట, ఇరుపక్కలా దిగడానికి చోటు లేదు. ప్రయోగం అయిన పది నిమిషాలకు అంబులెన్సు పోవడానికి కూడా దారి ఉండదు. అటు పులికాట్ ఊరి బీచికి చెన్నై జనం పోతారు. ప్రయోగం తేదీ ఖరారు కాగానే రెండు జిల్లాల పోలీసులు కలిసి పార్కింగ్ చోట్లు, బస్సులు ప్రకటించాలి, ఆ రోజు పడవలు ఎక్కడిదాకా పోవచ్చో రేవు బోర్డు మీద రాయాలి. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడి దగ్గర కార్లు ఆపి అక్కడినుంచి ఆర్టీసీ బస్సుల్లో పంపితే సగం ఇబ్బంది తీరుతుంది.

రేవులు కట్టేటప్పుడు మమ్మల్ని ఒక్కసారి అడగండి. వర్షాకాలంలో కొలిచి కట్టిన మెట్లు మార్చికి నీళ్లకు అందవు. నీళ్లు వందల అడుగులు వెనక్కి పోతాయి, ఆడవాళ్లు చీరలు ఎత్తి పట్టుకుని అడుసులో నడుస్తారు, ముసలివాళ్లు ఎక్కనే ఎక్కరు. తేలే పంటు పెట్టి, దాన్ని నీళ్ల వెంబడి జరుపుకునేలా చెక్కల దారి వేస్తే కాంక్రీటు కన్నా తక్కువలో అయిపోతుంది. మరుగుదొడ్లు రేవు పక్కనే ఉండాలి, నీళ్ల ట్యాంకు నింపే మనిషి జీతం కూడా అంచనాలోనే ఉండాలి. గదులు కట్టి మనిషిని పెట్టకపోతే ఆరు నెలలకు తాళం పడుతుంది.

కార్ల విషయం చిన్నదే. ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఉన్న బండికి సరిహద్దులో ఇబ్బంది లేదు. అది లేని చిన్న ట్యాక్సీలు రాష్ట్రం దాటిన ప్రతిసారీ తాత్కాలిక పర్మిటు, పన్ను కట్టాలి. ఒక పూట పనికి అది గిట్టదు. గుమ్మిడిపూండి, పొన్నేరి, పులికాట్ వరకు మాత్రం తడ, సూళ్లూరుపేట ట్యాక్సీలకూ, ఇటు అంతే దూరం వాళ్ల ట్యాక్సీలకూ సడలింపు ఇస్తే చాలు. అసలు దీనికన్నా మంచి దారి రైలు. పడవలో పులికాట్ ఊరికి పోయినవాళ్లు అక్కడినుంచి బస్సులో పొన్నేరికి వచ్చి లోకల్ రైల్లో సూళ్లూరుపేట చేరొచ్చు. పడవ వేళలు రైలు వేళలకు సరిపెట్టండి.

సరస్సులో నీళ్లుంటేనే ఇదంతా. రాయదొరువు, తూపిలిపాళెం, పులికాట్ ముఖద్వారాలు పూడితే సముద్రపు నీరు రాదు, ఉత్తరం వైపు ఎండి బీటలు తీస్తుంది. ఒక రాష్ట్రం తన ముఖద్వారం తవ్వి, ఇంకో రాష్ట్రం వదిలేస్తే ప్రయోజనం సగమే. షార్ రోడ్డు కట్ట కింద తూములు చాలక ఉత్తరం నీళ్లు దక్షిణానికి సరిగా పారవు. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల్లో రెండు రాష్ట్రాల్లో ఉన్న చిత్తడి నేలల విషయంలో కేంద్రమే ఇద్దరినీ కలపాలని ఉంది. ఆ దారిలో కేంద్రాన్ని అడగాల్సింది మీరిద్దరూ కలిసి.

ఒక సీజన్ పరీక్షగా చేద్దాం. ఒడ్డుకు ఆరు పడవల చొప్పున పన్నెండు, డిసెంబరు 15 నుంచి మార్చి 15 వరకు, శని, ఆదివారాలు మాత్రమే. జూన్‌లో ముగ్గురు కలెక్టర్లు సూళ్లూరుపేటలో కూర్చుని ముసాయిదా రాయించండి. జులై, ఆగస్టుల్లో పడవలకు తనిఖీ, సరంగులకు శిక్షణ. వరద పోయాక గడలు పాతడం. మార్చి ఆఖరుకు ఎన్ని ప్రయాణాలు, ఎన్ని రద్దు, ఎన్ని వలలు తెగాయి, ఎవరికి ఎంత డబ్బు ముట్టింది అన్నది రెండు భాషల్లో రేవుల దగ్గర అంటించండి. ముసాయిదా సమావేశానికి రెండు ఒడ్ల పడవవాళ్లను, కుప్పాల పెద్దలను పిలవండి. సమావేశం ఉదయం పూట కాకుండా మధ్యాహ్నం పెట్టండి, పొద్దున వలలు ఎత్తే వేళ.

ఇట్లు,
పులికాట్ ఒడ్డున పర్యాటకుల పనుల్లో ఉన్న పడవవాళ్లు, డ్రైవర్లు, పక్షుల గైడ్లు
నెల్లూరు